కుంపటి పెట్టిన ఇంజను

నా ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో రాసిన రిపోర్టులన్నీ ఒక ఎత్తు, రిటైరయ్యాక రాసిన ఒక్క రిపోర్టు ఒక ఎత్తు. సర్వీసులో రాసినవాటిని ఎవరైనా చదివారో లేదో నాకు తెలియదు. ఈ ఒక్కదాన్ని మాత్రం చదివారు, నమ్మారు, దాని ప్రకారం ఒక ఇంజనును కోసి తుక్కు చెయ్యడానికి లారీ కూడా పంపారు. ఆ రిపోర్టు తప్పు. ఎట్లా తప్పయిందో కొత్తగా పనుల్లో చేరుతున్న మీలాంటివాళ్లకు చెప్పుకుంటే నా బరువు కొంత దిగుతుందని ఇది రాస్తున్నాను.

నేను రైల్వేలో బాయిలర్ పనివాణ్ణి. అంటే ఆవిరి ఇంజను పొట్ట చూసే మనిషిని. నీళ్లు కాగే పీపా, దాని వెనక బొగ్గు మండే పెట్టె, ఈ రెండూ బాగున్నాయా లేవా అని సుత్తితో కొట్టి చెప్పడం నా పని. మంచి రేకు మీద సుత్తి పడితే కంచు గిన్నెలా ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు మొద్దుగా, తడిగోడను కొట్టినట్టు పలుకుతుంది. చెవి ఉంటే చాలు, చదువెందుకురా అనేవాడు మా మేస్త్రీ. ఆవిరి ఇంజన్లు పోయాక నన్ను డీజిల్ షెడ్డులో వేశారు. అక్కడ నేను ఇల్లరికపు అల్లుడిలా బతికాను. తిండికి లోటు లేదు, మాటకు విలువ లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో రిటైరై హుజూర్‌నగర్‌లో ఇంటిపట్టున కూర్చున్నాను. రెండు నెలలు తిరగకముందే మా ఇంటావిడకు నేనంటే విసుగొచ్చింది. "పొద్దుగాల లేస్తే నల్లాలు విప్పుడు, మళ్ల బిగించుడు. మంచిగున్నయన్ని ఖరాబు చేస్తున్నవ్. యాడన్న పని చూసుకోపో" అంది. ఆమె మాట ఏ దేవుడు విన్నాడో గానీ, ఆ యేడే కృష్ణ ఒడ్డుకు దగ్గర్లో గుట్టల నడుమ ఒక ప్రైవేటు కంపెనీవాళ్లు చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం చిన్న రైలు వేశారు. ఎక్కడో ఉత్తరాదిన మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ నుంచి రెండు చిన్న ఆవిరి ఇంజన్లు తెచ్చారు. వాటి పొట్టలు చూడ్డానికి మనిషి కావాల్సి వచ్చి నన్ను పిలిచారు.

ఆ రెండింటికీ కాగితాల మీద ఏవో నంబర్లు ఉండేవి. మేము మాత్రం పెద్దదాన్ని అక్క అని, చిన్నదాన్ని చెల్లె అని పిలిచేవాళ్లం. చెల్లె మాట వినేది. అక్క మొండిది, పొద్దున ఆవిరి పట్టడానికి చెల్లె కంటే గంట ఎక్కువ తీసుకునేది. అయినా నాకు అక్కంటేనే ఇష్టం. దాని కూత విన్న మొదటిరోజు నాకు మా పాత షెడ్డు గుర్తొచ్చి కళ్లనీళ్లు తిరిగాయి. బొగ్గు పొగ అని చెప్పి తప్పించుకున్నాను.

మాతో పనిచేసినవాళ్లలో ఇద్దరి గురించి మీకు చెప్పాలి. ఒకరు డ్రైవరు. నల్గొండ మనిషి, నాకంటే రెండేళ్లు పెద్ద, పెద్ద రైళ్లు నడిపి రిటైరై ఈ చిన్న రైలు కోసం మళ్లీ నీలం చొక్కా తొడుక్కున్నాడు. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్నూ భాయ్ అనేవాడు. మనిషి చీపురుపుల్లలా ఉంటాడు, ఏ సందులోనైనా దూరగలడు. రెండో మనిషి వాచ్‌మన్. పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. మగ్గం మీద బతుకు సాగక యాభై ఏళ్ల వయసులో కర్ర పట్టుకుని కాపలాకు వచ్చాడు. నెమ్మదస్తుడు. కానీ అతని చెయ్యి మాత్రం ఊరుకునేది కాదు. ఏది కనిపించినా ముట్టుకుని చూడాలి, అదీ అరచేత్తో కాదు, చెయ్యి తిప్పి వెనకవైపుతో. ఇంజను వేడి మీద ఉన్నా దగ్గరికొచ్చి అట్లాగే చెయ్యి ఆనించేవాడు.

"ఇది మీ పట్టుచీర కాదు, కాలుతది, దూరం ఉండు" అని నేను కసిరేవాణ్ణి.

"కాలెటంత లేదు సార్" అని వెనక్కి జరిగేవాడు. మర్నాడు మళ్లీ అదే పని.

మా రైలు నాలుగైదేళ్లు బాగానే నడిచింది. మా జిల్లా ఫ్లోరైడు నీళ్ల సంగతి మీకు తెలుసు కదా, మనుషుల ఎముకలనే వదలని నీళ్లు బాయిలర్ని వదుల్తాయా? లోపల పేరుకునే సున్నపు పెచ్చు గీకలేక నా చేతులు అరిగాయి. పిల్లలు కిటికీలోంచి చేతులు ఊపుతుంటే ఆ అరుగుడు గుర్తుండేది కాదు.

ఆ తర్వాత కరోనా వచ్చిన మార్చి. వారం ముందునుంచే జనం రావడం మానేశారు, ఇంజన్లు చల్లగా పడి ఉన్నాయి. ఒకరోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. రేపటినుంచి బస్సులు ఉండవు, ఇంజన్లను భద్రం చేసి ఇవాళే వెళ్లిపోండి అని.

ఇంజనును చాలాకాలం పండబెట్టాలంటే ఒక పద్ధతి ఉంది. మంట వేసి వేడి చేసి, ఆ వేడి మీదే నీళ్లు వదిలెయ్యాలి. అప్పుడు లోపల మిగిలిన తడి ఆ వేడికే ఆరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు నీళ్లు వదిలితే అడుగున ఒకటి రెండు బిందెలు మిగిలిపోతాయి. ఇది నాకు తెలుసు. పది మందికి నేర్పాను కూడా. కానీ మంట వేసి వేడెక్కించాలంటే పొద్దంతా పడుతుంది, హుజూర్‌నగర్ బస్సు మూడింటికే. చల్లగా ఉండగానే నీళ్లు వదిలాను. ఇక లోపలికి గాలి పోకపోతే చాలు, తుప్పు పట్టదని నాకు నేనే చెప్పుకుని మూతలన్నీ గట్టిగా బిగించాను. పొగ గొట్టాల మీద రేకు మూసి తీగ కట్టాను. షెడ్డులో ఒక్కదానికే జాగా ఉంది. అక్కను లోపల పెట్టి, చెల్లెకు బయటే టార్పాలిన్ కప్పి ముళ్లు మీద ముళ్లు వేశాను.

వాచ్‌మన్‌ను పిలిచి చెప్పాను. "ఒక్క మూత ముట్టుకున్నవంటె నీ నౌకరి పోతది. ముడి విప్పొద్దు. సమజైందా?"

"అయింది సార్" అన్నాడు.

మూడింటి బస్సు దొరికింది. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. ఆ సుఖం ఇప్పటికీ గుర్తుంది, అందుకే చెబుతున్నాను.

ఆ కంపెనీ మళ్లీ లేవలేదు, కాపలాకు వాచ్‌మన్ ఒక్కడే మిగిలాడు. నాలుగు వానాకాలాలు పోయాయి. కొత్త యజమానులు ఆ జాగా తీసుకుని, రైలు మళ్లీ నడపాలనుకున్నారు. వాళ్ల దగ్గర పనిచేసే ఒక ఇంజనీరమ్మ నాకు ఫోన్ చేసింది. చిన్న వయసు, మర్యాద గల పిల్ల. "సర్, రెండు ఇంజన్లు బాగు చేయించే స్తోమత మాకు లేదు. ఒకటి ఉంచుకుంటాం, ఒకటి తుక్కుకు ఇచ్చేస్తాం. ఏది ఉంచాలో చూసి చెప్పండి. మీ మాటే ఫైనల్" అంది.

మీ మాటే ఫైనల్ అన్న మాట వినక ఎన్నేళ్లయిందో నాకు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. భాయ్‌కి అప్పుడే కంటి ఆపరేషన్ అయింది, ఒక్కణ్ణే వెళ్లాను.

షెడ్డు తలుపు తీసి నేను చూసింది ఇది. అక్క పొగ గొట్టం మీద నా రేకు లేదు. కింద ఒక మూత, పైన ఒక మూత తీసి ఉన్నాయి. మంటపెట్టె తలుపు తెరిస్తే లోపల బూడిద.

ఇది ఎంత ఘోరమో మీకు తెలియాలి. నీళ్లు లేని బాయిలర్ కింద మంట వెయ్యడం మా పనిలో మహాపాపం. పెట్టె పైకప్పు రేకు కాలి వంగిపోతుంది, ఆ ఇంజను ఇక పనికిరాదు. అందుకే ఆ పైకప్పులో సీసం పోసిన బిరడా ఒకటి ఉంటుంది. రేకు హద్దు మీరి కాలితే ముందు సీసం కరిగి కారిపోతుంది. సీసం ఉందా లేదా చూస్తే సంగతి తేలిపోతుంది. చూడాలంటే కుక్కపిల్ల దూరేటంత తలుపులోంచి పెట్టెలోకి పాకి, వెల్లకిలా పడుకుని టార్చి వెయ్యాలి. నా మోకాళ్లు అప్పటికే దవాఖానకు అంకితం. ఒకసారి వంగి చూశాను, లేచాను. అంతే. ఆ రిపోర్టు నా మోకాళ్లే రాశాయని భాయ్ తర్వాత అన్నాడు.

వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నాలుగేళ్లలో జుట్టంతా తెల్లబడింది.

"దీంట్ల మంట పెట్టింది ఎవరు?"

"నేనే సార్."

"ఉత్త కుండ పొయ్యి మీద పెడ్తె ఏమైతది?"

"పల్గుతది సార్."

"మరి?"

"జర ఎచ్చగుంటదని పెట్టిన సార్, మా మగ్గం కాడ..."

"నోరు మూయ్" అన్నాను. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక మనిషితో అట్లా మాట్లాడలేదని చెప్పాలనుంది, కానీ చాలాసార్లే మాట్లాడాను. నా అక్కను చంపేశాడన్నదొక్కటే నాకు కనిపించింది. ఒక్క మాట, "ఎందుకు పెట్టినవ్" అన్న ఒక్క మాట అడిగి చివరిదాకా విని ఉంటే సరిపోయేది.

బయట చెల్లె మీద నా టార్పాలిన్ ఉన్నట్టే ఉంది. నా ముళ్లు నావే. విప్పితే రంగు కూడా మెరుస్తోంది, ఒక్క మూత కదల్లేదు. క్రమశిక్షణ గల పిల్ల అని దాని వీపు తట్టాను. సుత్తి సంచిలోనే ఉంది. తియ్యలేదు. నేను బిగించిన మూతల మీద నాకే అనుమానమా? చెల్లె భేష్, అక్క పనికిరాదు, ఖాళీ బాయిలర్ కింద మంట వేశారు అని రాసి సంతకం పెట్టాను.

నెల తర్వాత భాయ్ ఫోన్ చేశాడు. కన్ను బాగైంది. "రేపు అక్కను కోస్తరంట. నువ్వు రా. కోసే ముందల ఒకపారి సలాం చెప్పొద్దా భాయ్?"

ఇద్దరం పొద్దున్నే చేరేసరికి లారీ వచ్చేసి ఉంది. గ్యాస్ సిలిండర్లు దింపి, గొట్టాలు పరుస్తున్నారు. అక్కను షెడ్డులోంచి బయటికి లాగి ఎండలో నిలబెట్టారు. ఇంజనీరమ్మ గొడుగు కింద కాగితాలు పట్టుకుని నిలబడింది. వాచ్‌మన్ దూరంగా గేటు దగ్గరే ఉన్నాడు, మా వైపు రాలేదు.

భాయ్ అక్క చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. చక్రం మీద చెయ్యి వేసి ఏదో గొణుక్కున్నాడు. తర్వాత నా సంచిలో చెయ్యి పెట్టి సుత్తి తీశాడు. "ఆఖరుసారి దాని గొంతు వింటా" అని పీపా మీద కొట్టాడు.

ఖంగుమంది.

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. ఇంకోచోట కొట్టాడు. ఖంగు. నేను సుత్తి లాక్కుని అడుగున కొట్టాను, తుప్పు ముందు పట్టేది అక్కడే. అక్కడా కంచు గిన్నె మోతే. చెల్లె దగ్గరికి నడిచాను. అడుగున మెల్లగా కొట్టాను. మొద్దుగా పలికింది. ఇంకొంచెం ముందుకు జరిగి కొట్టాను. సుత్తి మొన రేకులోకి దిగింది, సన్నగా ఎర్రనీళ్లు కారాయి.

నేను వెనక్కి తిరిగేసరికి భాయ్ కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. డెబ్బై దాటిన మనిషి అక్క మంటపెట్టెలోకి దూరిపోయాడు. లోపలినుంచి గొంతు వినిపించింది. "భాయ్, సీసం ఉన్నది. కొత్త పెండ్లికొడుకు పన్ను లెక్క మెరుస్తున్నది. రేకు సక్కగున్నది. నువ్వు దీంట్లకి దిగి చూసినవా, చూడలేదా?"

గేటు దగ్గరికి నేనే వెళ్లాను. నన్ను చూసి వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు.

"ఆనాడు మగ్గం కాడ అని ఏదో చెప్పబోయినవు. ఇప్పుడు చెప్పు. మొత్తం చెప్పు."

అతను నా మొహం చూసి, నమ్మకం కుదిరాక మొదలుపెట్టాడు. "మీరు పోయినంక వానలు వడ్డయ్ సార్. అక్క కింద దినాం చుక్క చుక్క నీళ్లు కారుతుండె, ఎర్రగ. మా గుంట మగ్గం ఉంటది గద, ముసురు వడితె గుంటల తేమ చేరుతది. పడుగుకు పెట్టిన గంజి మెత్తవడి పోగులు తెగుతయ్. అప్పుడు మా నాయిన గుంటల కుంపటి పెట్టేది. మంట కాదు సార్, నిప్పుల మీద బూడిద కప్పి సన్నగ. చెయ్యి తిప్పి పెట్టి చూడాలె. ఎచ్చగ తాకాలె, కాలొద్దు. గట్లనే దీనికి పెట్టిన. లోపలి నీళ్లు పోనీకి కింది మూత తీసిన, తేమ పోనీకి పై మూత తీసిన. ముసురు వట్టినప్పుడే పెడ్తుంటి. ఎండ కొడితె గొట్టం మీది రేకు గూడ తీస్తుంటి."

"మరి చెల్లెకు ఎందుకు పెట్టలే?"

"దాని మీద టార్పాలిన్ ఉండె. అంటుకుంటదని భయమైంది. విప్పుదామంటె మీరు ముడి విప్పొద్దంటిరి" అన్నాడు. అక్క విషయంలో నా మాట దాటినందుకు తప్పు చేసినవాడిలా తల వంచుకున్నాడు. చెల్లె విషయంలో నా మాట విన్నందుకు ఎవరు తల వంచుకోవాలో నాకు అర్థమైంది.

లోపలి సంగతంతా నాకు అప్పుడు కళ్లకు కట్టింది. తడి జాడీలో తొక్కు పెట్టి వాసెన కట్టినట్టు చేశాను నేను. గాలి లోపలికి పోలేదు, తేమ బయటికీ పోలేదు. ఇనుము గురించి నాకు తెలిసింది అతనికి తెలియదు, నిజమే. తేమ గురించి అతనికి తెలిసినంత నాకు తెలియదు. వాళ్ల ఇంట్లో తరతరాలుగా దానితోనే కదా పోట్లాట.

తుక్కు కొనేవాళ్ల పెద్దమనిషి గడియారం చూసుకుంటున్నాడు. నేను ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్లి, ఆపమని చెప్పాను.

"సర్, మీ రిపోర్టు చూపించే పైవాళ్లతో సంతకాలు చేయించాను. ఇప్పుడు ఏమని చెప్పను?" అంది. నన్ను నమ్మినందుకు ఆమె ఉద్యోగం మీదికి వచ్చేలా ఉంది.

"కాగితం ఇవ్వమ్మా" అన్నాను.

లారీ బానెట్ మీద పెట్టి రాశాను. నేను లోగడ ఇచ్చిన రిపోర్టు తప్పు. అక్క మంటపెట్టెలోకి దిగి నేను చూడలేదు. చెల్లె మీద సుత్తి వెయ్యలేదు. చల్లగా ఉండగానే నీళ్లు వదిలి, తడి ఆరకముందే మూతలు బిగించింది నేనే. అక్కను ఉంచుకోవాలి, చెల్లె పనికిరాదు. ఇందులో ఇంజనీరు గారి పొరపాటు ఏమీ లేదు.

ఆమె రెండుసార్లు చదివింది. "దిగి చూడలేదు అన్న వాక్యం తీసేద్దాం సర్. మీ పేరు పోతుంది" అంది.

"పోనీ అమ్మా. అది లేకపోతే మిగతావి ఎవరూ నమ్మరు" అన్నాను. తుక్కు కొనే పెద్దమనిషికి మాత్రం ఏ బాధా లేదు. "మాకు ఏదైన ఇనుమే సార్, తొందరగ చెప్పుండ్రి" అన్నాడు. ఇంజనీరమ్మ పైకి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ, తల ఊపింది.

చెల్లెను కోస్తుంటే నేను వెళ్లిపోలేదు. వెళ్లిపోయే హక్కు నాకు లేదనిపించింది. మాట విన్న పిల్ల అది, నా మాట విన్నందుకే పోయింది. దాని సేఫ్టీ వాల్వులు, ఇత్తడి సామాను విప్పి అక్క కోసం పక్కన పెట్టించాం. భాయ్ నా భుజం మీద చెయ్యి వేసి, "ఏడిస్తె ఏడువు భాయ్, ఇయ్యాల బొగ్గు పొగ గూడ లేదు" అన్నాడు.

పీపా లోపలి గొట్టాలు కొన్ని మార్చాక, ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ వచ్చి నీళ్ల ఒత్తిడితో పరీక్ష చేసి అక్కకు సరే అన్నాడు. ఆవిరి పట్టే రోజు పొద్దున భాయ్ అగ్గిపెట్టె తియ్యబోయి ఆగాడు. "నీ కుంపటి తీస్కరా" అని వాచ్‌మన్‌ను పంపాడు. ఆ నిప్పులతోనే మంట రాజేశాం. అక్క తన అలవాటు ప్రకారం గంట ఆలస్యం చేసింది. వాచ్‌మన్ దగ్గరికొచ్చి చెయ్యి తిప్పి పీపాకు ఆనించాడు. నేను కసరలేదు, పక్కనే నిలబడి నా చెయ్యి కూడా అట్లాగే పెట్టాను. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టుకున్నాను.

"ఇగ తియ్యిండ్రి సార్, ఇప్పుడు కాలుతది" అన్నాడు. నిజంగానే ఆ మరుక్షణం చురుక్కుమంది.

అక్క ఇప్పటికీ నడుస్తోంది. వానాకాలం మూడు నెలలు మాత్రం షెడ్డులో పండుకుంటుంది. మొదటి వానాకాలం ముందు ఇంజనీరమ్మ నన్ను పిలిచి, ఇంజనును ఎట్లా భద్రం చెయ్యాలో పద్ధతి రాసివ్వమంది, షెడ్డు గోడకు అంటిస్తారట. వేడి మీద నీళ్లు వదలవలెను, మూతలు తెరిచి ఉంచవలెను, ఇట్లా నాకు తెలిసినవన్నీ వరసగా రాశాను. చివరికి ముసురు పట్టినప్పుడు బూడిద కప్పిన కుంపటి పెట్టవలెను అని రాసి, వేడి ఎంత ఉండాలో అంకె వేద్దామని కలం పెట్టాను. ఎంత ఆలోచించినా అంకె రాలేదు. వాచ్‌మన్ పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసి, వేడి ఎంత అన్నది ఆయనను అడగవలెను అని రాశాను. కింద సంతకం పెట్టాను.